మూడంకె మీట

నా మీద సి, వి అక్షరాలు ఇప్పుడు కనబడవు, అరిగిపోయాయి. కంట్రోల్ మీట నున్నబడి మెరుస్తోంది. మూడంకె మీట మాత్రం నిన్నటిదాకా కొన్ననాటిలాగే ఉండేది. మావాడు ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకున్నాడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నేను కీబోర్డుని. మూడు ప్లాస్టిక్ పొరలు, వాటిమీద వెండి కలిసిన సిరాతో గీసిన గీతలు, అంతే నా ఒళ్లు. ఢిల్లీ నెహ్రూప్లేస్ కంప్యూటర్ బజార్లో బేరమాడి కొని, మెట్రోలో ఒళ్లో పెట్టుకుని నోయిడా సెక్టార్ 62లోని పీజీ గదికి తెచ్చాడు. ఖమ్మం పిల్లాడు. వేళ్లలో వేగం ఉంది, ఓపికే లేదు.

ఏ, ఏ1, ఎక్స్, డి... వాడు పెట్టే పేర్లివి. ఒకచోట రాసిన పది వరుసల్ని కంట్రోల్-సి నొక్కి కాపీ కొట్టి, కంట్రోల్-వి నొక్కి అయిదుచోట్ల అతికించేవాడు. తప్పు దొరికితే ఒకచోట దిద్దేవాడు, మిగతా నాలుగూ అలాగే ఉండేవి. ఫైళ్లకు ఫైనల్, ఫైనల్2, అసలు ఫైనల్. పాత మార్పులన్నీ దాచిపెట్టే గిట్ 2005 నుంచీ ఉంది, ఉచితం కూడా. ఎవరికి కావాలి! ప్రోగ్రామ్ ఆగితే గుద్దు నాకే.

నాకూ ఒక మంచి రాత్రి ఉంది. గురుగ్రామ్ నుంచి వాళ్లక్క వచ్చింది. దూరాల లెక్క ఎంతకీ కుదరడం లేదు.

"ఈ 'డి' ఏమిట్రా? కిలోమీటర్లా, మీటర్లా?"

"రెండూ ఉన్నాయక్కా..."

1999లో అంగారకుడి దగ్గర నాసా నౌక ఒకటి ఇలాగే పోయిందని చెప్పింది. ఒక బృందం పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, ఇంకో బృందం న్యూటన్లనుకుంది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని 'డి' తీసేసి, పేర్లోనే కొలత తెలిసేలా మార్చింది. అతికించిన అయిదు ముక్కల్నీ ఒక్క ఫంక్షన్ చేసింది. షిఫ్ట్ పట్టుకుని మూడంకె నొక్కి, ఆ # గుర్తు పక్కన 'ఇలా ఎందుకు చేశామంటే' అని రాసింది. వాడు రాసే పైథాన్ భాష ఆ మాటలు చదవదు, మర్నాడు చూసే మనిషి కోసమే అవి. నా మూడంకె మీటకు అదొక్కటే పండగ.

తర్వాత చాయ్ ఒలికింది. స్పేస్ బార్ పట్టేసింది. ఆ నెల ప్రోగ్రాములో తప్పులన్నీ నా ఖాతాలోనే పడ్డాయి. కొత్తది కొన్నాడు. బాల్కనీలో చెప్పుల మధ్య రెండు చలికాలాలు, ఢిల్లీ పొగమంచు, దుమ్ము. చివరికి పాతసామాన్లు కొనే కబాడీవాలా సైకిలెక్కి, ఎలక్ట్రానిక్ చెత్త చేరే సీలంపూర్ చేరాను. ఇక్కడ నన్ను తూకానికి కొన్నారు.

నిన్న నెహ్రూప్లేస్ రిపేరు కుర్రాడొకడు విడి మీటల కోసం వచ్చాడు. సి, వి చూసి పెదవి విరిచాడు. స్క్రూడ్రైవర్ మొనతో మూడంకె మీటను పెకిలించి జేబులో వేసుకున్నాడు.