ఐమూల కొలత

మేం ఆరుగురం ఒకే గాజు పలకలోంచి పుట్టాం. ఒక వైపు 2,200 మిల్లీమీటర్లు, ఇంకో వైపు 2,500 మిల్లీమీటర్లు ఉండే పలక అది. దాన్ని తల్లిగాజు అంటారు. అడ్డంగా రెండు, నిలువుగా మూడు చొప్పున కోస్తే 55 అంగుళాల తెరలు ఆరు వస్తాయి, గాజులో పదో వంతు కూడా వృథా పోదు. అదే పలకలో 65 అంగుళాలవి మాత్రమే కోయబోతే మూడే వస్తాయి. మూడో వంతుకు పైగా గాజు చెత్తకుప్పలోకి పోతుంది. 65 గిట్టుబాటు కావాలంటే ఇంకా పెద్ద తల్లిగాజును తీసే కర్మాగారం ఉండాలి. పన్నా చూసి, గుడ్డ వృథా కాకుండా జాకెట్లు కత్తిరించే దర్జీలాగే మమ్మల్ని కోసేవాళ్ళూ లెక్క వేసుకుంటారు. టీవీ తయారీకయ్యే ఖర్చులో సగానికి పైగా తెరదే. చేతిలో ఉన్న డబ్బుకు పెద్ద తెర కావాలనుకునే ఇంటికి 55 దగ్గర ధర ఎందుకు అందుతుందో, ఒక్క సైజు పైకి వెళ్ళగానే ఎందుకంత దూరం జరుగుతుందో ఆ కోత బల్ల దగ్గరే తేలిపోతుంది.

నా గాజు చైనాలో పుట్టింది. ఓడెక్కి వచ్చి, తిరుపతి దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌లో టీవీగా రూపం కట్టుకుంది. వెనక ఎల్ఈడీ దీపాల వరసలు, వాటి వెలుగును సమంగా పరిచే పలుచని పొరలు, వాటి ముందు నేను. అందరూ మమ్మల్ని ఎల్ఈడీ టీవీలంటారు గానీ మేం ఎల్‌సీడీలమే. ఎల్ఈడీలు వెనక నుంచి వెలుగిచ్చే దీపాలు మాత్రమే. క్యూఎల్ఈడీ అని పెట్టె మీద రాసి ఉంటే ఆ వెలుగుకు రంగు దిద్దే మరో పొర ఉందని అర్థం. ఓఎల్ఈడీ జాతి వేరు. వాటిలో చుక్క చుక్కకూ సొంత వెలుగు ఉంటుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. ఈ తేడా ఎవరైనా నిదానంగా చెబితే కొనేవాళ్ళు పేర్లకు డబ్బు కట్టడం చాలావరకు తగ్గుతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక దుకాణం గోడ మీదికి నేను చేరేసరికి దసరా సందడి మొదలవుతోంది. 2025 సెప్టెంబరు 22న నవరాత్రులు మొదలయ్యాయి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగిందీ ఆ రోజే. పన్నుకు ముందు నా ధర 32,000. పాత లెక్కన 40,960 కావలసింది 37,760 అయింది. 3,200 తేడా. మధ్యతరగతి ఇంట్లో అది ఒక నెల సరుకుల బరువు. ఆ తేదీ కోసం కొనుగోలు ఆపుకుని కూర్చున్నవాళ్ళు ఇంద్రకీలాద్రి మీద దర్శనం చేసుకుని, నుదుటి కుంకుమతోనే మా వరసల మధ్యకు వచ్చేవారు.

దుకాణంలో మమ్మల్ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో పెడతారు. దాన్ని షాప్ మోడ్ అంటారు. వెలుతురు నూటికి నూరు, రంగులు చిక్కగా, తెలుపులో నీలి ఛాయ. ఎవరైనా తగ్గించినా కాసేపటికి మళ్ళీ పైకి వెళ్ళిపోతుంది. పైగా మా మీద ఆడించేది పెన్‌డ్రైవ్‌లోని 4కే వీడియో. నెమలి ఈకలు, తేనె చుక్కలు, రాత్రి పూట విదేశీ నగరాలు. ఆ వీడియోలో ఏ టీవీ అయినా బాగుంటుంది. ఇంటికి తీసుకెళ్ళాక ఎవరూ దాన్ని చూడరు.

నన్ను ఎంచుకున్నావిడ బట్టలు కుట్టే మనిషి. భర్త ఆటో నడుపుతాడు. చీటీ పాడుకున్న 40 వేలు తెచ్చుకున్నారు. వెంట ఆవిడ అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు. అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. పాత 32 అంగుళాల టీవీలో కింద నడిచే అక్షరాలు కనపడటం లేదని ఆవిడే మొదట అడిగిందట. ఆ ముసలావిడ గోడ మీది మా వరసను చూస్తూ వాళ్ళ వీధికి మొదట వచ్చిన ఈసీ టీవీ గురించి చెప్పింది. హైదరాబాదు ఈసీఐఎల్ తయారు చేసిన టీవీ అది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే సగం ఊరు ఆ ఇంటి వసారాలో కూర్చునేదట. అంతమందికి ఆ చిన్న తెర ఎలా సరిపోయిందో గానీ, ఆవిడకు ఇప్పటికీ ఒక్కో ఘట్టం గుర్తుంది.

సేల్స్ కుర్రాడు వాళ్ళను 65 ముందు నిలబెట్టాడు. "అక్కా, ఇది పెడితే హాలు థియేటర్ అయిపోద్ది."

"మా హాలు పదీ పన్నెండూ తమ్ముడూ," అంటూ ఆవిడ సంచిలోంచి కుట్టు టేపు తీసింది.

ఎంతోమంది నా ముందు నిలబడ్డారు, కొలత తెచ్చుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. టేపు నా పై అంచు మీద ఆనించి లాగింది. వెడల్పు 48 అంగుళాలు, ఎత్తు 27. "55 అన్నావుగా, ఏదీ?" అని అడిగింది. కుర్రాడు టేపు అందుకుని ఐమూలగా, కింది మూల నుంచి పై మూలకు పట్టి చూపించాడు. ఆవిడ తల ఊపింది. ఇంట్లో షోకేసులో టీవీ అర 44 అంగుళాలు. "షోకేసులో పట్టదు, గోడకే పెట్టాలి," అని భర్తతో అంది. దివాను నుంచి ఆ గోడకు ఎనిమిది అడుగులని కూడా ఆవిడకు నోటికే తెలుసు. తెర ఐమూల కొలతకు ఒకటిన్నర రెట్లు దూరంలో కూర్చుంటే చూపు నిండుగా ఉంటుంది, మెడ తిప్పాల్సిన పని ఉండదు. నాకైతే అది ఏడడుగుల లోపే. ఎనిమిది అడుగుల దూరానికి నేను మరీ చిన్నదాన్ని కాను. వాళ్ళ పాత 32తో పోలిస్తే నా వైశాల్యం దాదాపు మూడు రెట్లు.

ఆ తర్వాత ఆవిడ అడిగిన మాట ప్రతి కొనుగోలుదారూ అడగాలని నా కోరిక. "ఈ నెమళ్ళు వద్దు. మా ఇంట్లో కేబుల్లో వచ్చే సీరియల్ పెట్టి చూపించు."

కుర్రాడు కాస్త విసుగ్గానే సెట్‌టాప్ బాక్సు తెచ్చి ముందు 65కి తగిలించాడు. మొహాలు పాలిపోయి, అంచులు చెదిరి కనిపించాయి. నాకు తగిలిస్తే అంత చెదరలేదు గానీ పెన్‌డ్రైవ్ బొమ్మలోని నిగారింపు నాలోనూ లేదు. కారణం లెక్కలో ఉంది. మామూలు కేబుల్ చానల్ పంపే బొమ్మలో 720 అడ్డం, 576 నిలువు, అంటే 4,14,720 చుక్కలు. నాలో 82,94,400. కచ్చితంగా ఇరవై రెట్లు. ప్రసారం ఒక చుక్క ఇస్తే పక్కనున్న పంతొమ్మిదీ నేను ఊహించి నింపుకోవాలి. తెర ఎంత పెద్దదైతే ఆ ఊహ అంత బయటపడుతుంది. 4కే అన్న అక్షరాలు తెర సామర్థ్యం చెబుతాయి, దానికి అందే బొమ్మ గురించి ఏమీ చెప్పవు.

అత్తగారు అప్పటికే కాళ్ళు నొప్పులని పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. అక్కడి నుంచి చూస్తూ, "దీంట్లో మనుషులు కనపడుతున్నారే, దాంట్లో తెల్లగా పోతున్నారు," అంది. ఆవిడ చెప్పింది నిజం. ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు ఎక్కువ. నాది ఐపీఎస్ రకం. ఓరగా చూసినా రంగు పెద్దగా మారదు, కానీ చీకటి గదిలో నా నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. పక్కనున్నది వీఏ రకం. ఎదురుగా కూర్చుంటే దాని నలుపు చిక్కగా, చాలా బాగుంటుంది. పక్కకు జరిగితే వెలిసిపోతుంది. రాత్రి దీపాలార్పి ఒక్కరో ఇద్దరో ఎదురుగా కూర్చుని సినిమాలు చూసే ఇంటికి అదే మేలు. దివాను మీద ఇద్దరు, మూల కుర్చీలో ముసలావిడ, వంటింటి గుమ్మంలో నిలబడి ఒకరు చూసే ఇంటికి నాలాంటిది కావాలి. పెట్టె మీద ఈ సంగతి సాధారణంగా రాయరు. దుకాణంలో నాలుగడుగులు పక్కకు నడిచి చూస్తే తెలుస్తుంది.

కొడుకు 120 అన్న అంకె పట్టుకున్నాడు. పక్క టీవీ పెట్టె మీద కదలికల వేగం అంటూ 120 రాసి ఉంది. తెర సెకనుకు మార్చే బొమ్మలు మాత్రం 60. అసలు అంకె లోపలి వివరాల పట్టికలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాడే ఫోన్లో వెతికి చూసుకుని ఊరుకున్నాడు. భర్త కరెంటు సంగతి అడిగాడు. నేను తినేది సుమారు 120 వాట్లు, రోజూ అయిదు గంటలు చూస్తే నెలకు 18 యూనిట్లు.

65 సంగతి ఇంకా వదలలేదు. "వాయిదాల్లో తీసుకోండన్నా, వడ్డీ సున్నా," అన్నాడు కుర్రాడు. వడ్డీ సున్నా అనే అప్పు ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ రుసుము రూపంలోనో, రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు పోవడంలోనో వసూలవుతుంది. ఆవిడకు ఆ ఉత్తర్వు తెలియదు, కానీ చీటీలు కట్టిన చెయ్యి. "రొక్కం ఇస్తే ఎంతకిస్తావో అది చెప్పు," అంది.

నా రకం పెట్టెలు గోదాంలో అయిపోయాయి, గోడ మీద నేను మిగిలాను. 35 వేలకు ఇస్తామన్నారు. ప్రదర్శనకు పెట్టిన టీవీ కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. దుకాణంలో రోజుకు పన్నెండు గంటలు, పూర్తి వెలుతురుతో వెలుగుతాం. ఏడాదిగా గోడ మీదున్న టీవీ ఇంట్లో రెండేళ్ళకు పైగా వాడినదానితో సమానం. ఆవిడ మేనేజరును పిలిపించి, ఇది ఎంతకాలం వెలిగిందో చూపించమంది. మాలో చాలావాటికి సర్వీసు మెనూలో ఆ గంటల లెక్క నమోదై ఉంటుంది. నాది కొద్ది వారాలదే. వారంటీ బిల్లు తేదీ నుంచే అని బిల్లు మీద రాయించుకుంది. తెర అంతా బూడిద రంగు బొమ్మ పెట్టించి, మూలల్లో మరకలున్నాయేమో, ఆరిపోయిన చుక్కలున్నాయేమో దగ్గరికి వంగి వెతికింది. ఆ వేళ్ళు నా అంచు మీద కదులుతుంటే నాకు గౌరవంగా అనిపించింది. కష్టపడి కూడబెట్టిన డబ్బు అలాగే ఖర్చు కావాలి.

ఆవిడ భర్తతో అన్న మాట ఒకటి: "సౌండు సంక్రాంతికి కొనుక్కోవచ్చు. యాప్‌లు నెమ్మదైతే రెండేళ్ళకో చిన్న స్టిక్ పెట్టుకోవచ్చు. తెర మాత్రం మళ్ళీ కొనలేం కదా." నేను కూడా అదే అంటాను. నా స్పీకర్లు పలుచనివి, వెనక్కి మోగుతాయి, గొంతు సన్నం. దానికి బయట మందు దొరుకుతుంది. తెర పగిలితే కొత్త తెర ఖరీదు దాదాపు కొత్త టీవీ ఖరీదు, పైగా దెబ్బ తగిలి పగిలితే వారంటీ వర్తించదు. అందుకే నన్ను ఆటోలో పడుకోబెట్టనివ్వలేదు. పెట్టెలో నిలువుగా పెట్టి, ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని తీసుకెళ్ళారు.

బిగించడానికి వచ్చినతను తలుపు ఎత్తులో గోడకు గుర్తు పెట్టాడు. అందరిళ్ళలో అలాగే పెడతామన్నాడు. ఆవిడ అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ఎత్తు టేపుతో కొలిచి, నా నడుమ అక్కడికి రావాలంది. గుర్తు కిందికి దిగింది. కొడుకు సెట్టింగుల్లోకి వెళ్ళి షాప్ మోడ్ తీసేసి ఇంటి మోడ్ పెట్టాడు. నీలి ఛాయ పోయి మొహాలు మనుషుల రంగులోకి వచ్చాయి. అత్తగారు కింద నడిచే అక్షరాలను పైకే చదివింది.

ఆవిడ మిగిలిన అయిదు వేలు లెక్క చూసుకుని కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసింది. "హెచ్‌డీ బాక్సు ఎంత తమ్ముడూ? నెలకు ఎంత పెరుగుద్ది?" హెచ్‌డీ బొమ్మలో 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. అది వస్తే నేను ఊహించి నింపాల్సింది పంతొమ్మిది కాదు, మూడే.