మిగిలిన రెండు గొర్రెలు

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖకు. భారత పశుసంక్షేమ మండలికి.
నకలు: కోస్గి నుంచి హైదరాబాద్ దాకా దారిలో డీసీఎం లారీలను ఆపే తనిఖీ బృందాలకు.
విషయం: జీవాలను బండెక్కించే చట్టాలు, వాటి కొలతలు.

బతికున్న పశువును ఒక ఊరి నుంచి మరో ఊరికి చేర్చడం మీద దేశంలో మూడు రకాల నియమాలు అమల్లో ఉన్నాయి. మొదటిది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1978లో వచ్చిన పశు రవాణా నియమావళి. రెండోది అదే చట్టం కింద 2001లో వచ్చిన కాలినడక నియమావళి. మూడోది మోటారు వాహనాల నియమాల్లో కొత్తగా చేరి 2016 జనవరి 1 నుంచి అమలవుతున్న 125-ఇ. మొదటి రెండూ పశువు పక్కన నిలబడి రాసినవి, మూడోది బండి పక్కన నిలబడి రాసినది. రాసిన కేంద్ర ప్రభుత్వం ఒక్కటే అయినా, ఈ మూడూ ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నట్టు లేవు.

1978 నియమావళిలో ఆవులు, ఎద్దులు, బర్రెలకు సంబంధించిన భాగం అన్నిటికంటే తేటగా ఉంది. బండెక్కే ముందు పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. మేపి, నీళ్లు తాగించి ఎక్కించాలి. కాళ్లు జారకుండా కింద కొబ్బరి పీచు చాప గానీ చెక్క గానీ పరవాలి. వెంట ఒక మనిషి ఉండాలి. బండిలో వేరే సరుకు ఉండకూడదు. వీలైనంత వరకు పశువు ముఖం ఇంజన్ వైపు ఉండాలి. ఒక సరుకు బండిలో ఆరు పశువులకు మించకూడదు. ఈ చివరి మాటలోనే చట్టం తెలివి ఉంది. ఆరు దాకా లెక్కపెట్టడానికి టేపు అక్కరలేదు, కోర్టు అక్కరలేదు. రోడ్డు మీద నిలబడ్డ హోంగార్డు కూడా తేల్చగలడు.

కానీ కోస్గి నేల ప్రధానంగా గొల్లకురుమల నేల. పాలమూరు ప్రాంతంలోని నారాయణపేట జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ ఊళ్లలో ‘జీవాలు’ అంటే గొర్రెలు, మేకలే. దక్కనీ నల్ల గొర్రె బొచ్చుతోనే ఇక్కడి గొంగడి తయారైంది. దేవరకద్ర, పెబ్బేరు వంటి సంతల్లో అమ్ముడైన మందల్లో చాలా భాగం హైదరాబాద్ దారి పడుతుంది. వాటికి 1978 నియమావళి వేరే అధ్యాయం కేటాయించింది. బండికి నలభైకి మించకూడదు, కింద 5 సెంటీమీటర్ల మందాన గడ్డి పరవాలి, దూకే ప్రమాదం ఉంటే తప్ప బంధించకూడదు, కాళ్లు అసలే కట్టకూడదు. చదివితే కడుపు నిండుతుంది. అయితే అధ్యాయం గుమ్మంలోనే ఒక షరతు కాపలా కాస్తోంది: ప్రయాణం ఆరు గంటలు దాటితేనే ఇవన్నీ వర్తిస్తాయి. కోస్గి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు. దారిలో రెండు సార్లు చాయ్ తాగినా డీసీఎం ఆరు గంటల లోపే చేరుతుంది. పాలమూరు గొర్రెకు రాసిన గడ్డి పరుపు పాలమూరు గొర్రె కిందికి రాదన్నమాట. మండు వేసవిలో, రెండంతస్తుల చెక్కల మధ్య కుక్కిన గొర్రెకు మూడు గంటలు చాలా ఎక్కువన్న సంగతి ఆ షరతు పెట్టినవారికి తట్టలేదు.

ఆరు గంటలు దాటిన ప్రయాణాలు లేక కాదు. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పటి ధర 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం రాయితీ. జీవాలను ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర వంటి పక్క రాష్ట్రాల నుంచి కొని తేవలసి ఉండేది. ఇప్పుడు లెక్క చూడాలి. యూనిట్‌కు 21 చొప్పున రెండు యూనిట్లకు 42. దూరపు ప్రయాణంలో బండికి చట్టం ఒప్పుకునేది 40. ఇద్దరు లబ్ధిదారుల మందలు ఒకే బండిలో రావాలంటే రెండు గొర్రెలు రోడ్డు మీద మిగిలిపోతాయి. పథకం రాసిన శాఖలో ఎవరైనా 1978 నాటి నియమావళిని ఒక్కసారి తిరగేసి ఉంటే యూనిట్ పరిమాణం 19 ప్లస్ 1 అయ్యేది. ఆ రెండు గొర్రెలు ఎలా వచ్చాయన్నదానికి 2024లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో జవాబు వెతుక్కోవచ్చు. గొర్రెలు మోసినట్టు బిల్లుల్లో చూపిన బండ్ల నంబర్లలో కొన్ని ద్విచక్ర వాహనాలవి, ఆటోలవి, అంబులెన్సులవి అని ఆ నివేదిక బయటపెట్టింది. అంబులెన్సులో గొర్రెకు ఎన్ని చదరపు మీటర్లు ఇవ్వాలో మూడు నియమావళుల్లోనూ లేదు.

125-ఇ ఇంకో అడుగు ముందుకు వేసింది. పశువులు మోసే బండిలో శాశ్వతమైన అరలు ఉండాలి, ఒక్కో అరలో ఒక్కో పశువు. ఆవుకు, బర్రెకు 2 చదరపు మీటర్లు. గొర్రెకు, మేకకు 0.3. ఇలా మార్చిన బండికి ప్రత్యేక లైసెన్సు, ఆ లైసెన్సు ఉన్న బండిలో ఇంకే సరుకూ వేయకూడదు. ఆవు విషయంలో ఇది సబబే. గొర్రె విషయంలో మాత్రం గొర్రెను ఎరగనివారు రాసిన రాత. మందలోంచి విడదీసిన గొర్రె అరుస్తుంది, గోడకేసి కొట్టుకుంటుంది, బయటపడాలని చూస్తుంది. పక్కనున్న గొర్రె ఒంటిని ఆనుకుంటేనే దానికి నెమ్మది. 1978 నియమావళికి ఈ మర్మం కొంత తెలుసు. పెద్ద బండిలో రెండు మూడు మీటర్లకొక అడ్డం పెట్టి, గుంపును గుంపుగానే ఉంచమంది. ఇక డీసీఎం యజమాని సంగతి. ఒకరోజు కందుల బస్తాలు, ఒకరోజు వడ్లు, సంతనాడు జీవాలు మోస్తేనే అతని నెలవాయిదా తీరుతుంది. గొర్రెకొక అర చొప్పున శాశ్వతంగా బిగించుకుని కందులకు సెలవు చెప్పేవాడు కోస్గిలో దొరకడం కష్టం.

బండి వద్దనుకుంటే నడిపించవచ్చు. అయిదు కిలోమీటర్లు, ఆపై దూరానికి 2001 నియమావళి వర్తిస్తుంది. గొర్రెల మంద రోజుకు 30 కిలోమీటర్లకు, 8 గంటలకు మించి నడవకూడదు. రెండు గంటలకోసారి నీళ్లు, నాలుగు గంటలకోసారి మేత ఇవ్వాలి. ఏ కాపరీ దీనికి అడ్డు చెప్పడు. అడ్డం వచ్చేది ఎండ. ఉష్ణోగ్రత 12, 30 డిగ్రీల మధ్యే ఉండాలట, పసి పిల్లలకైతే 15, 25 మధ్య. పొద్దు పొడవక ముందు, పొద్దు గూకాక నడిపించకూడదట. వేసవిలో పాలమూరు కాపరి కోడికూతకే మందను లేపి, ఎండెక్కేలోపు చెట్టు నీడకు చేరుస్తాడు, చల్లబడ్డాక మళ్లీ కదులుతాడు. గొర్రె మేలు కోరి తరతరాలుగా చేస్తున్న ఆ పని చీకట్లో నడిపించినందుకు నేరం. చీకటి మాని పగలు నడిపిస్తే ఎండకు నేరం.

నేరమైతే శిక్ష ఎంత? 1960 చట్టం ప్రకారం పశువును హింసిస్తే మొదటిసారికి 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. ఆ 50 రూపాయలకు ఇవాళ అరపావు మటన్ రాదు. జల్లికట్టు కేసులో 2014 మే 7న తీర్పు ఇస్తూ, ఈ జరిమానాలు చాలవు, పెంచాలని సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. చట్టంలోని అంకెలు ఇంకా 1960లోనే ఉన్నాయి.

యూరప్ నియమాలు పశువును గంటల్లో కొలుస్తాయి: గొర్రెకు పద్నాలుగు గంటల ప్రయాణం, మధ్యలో కనీసం గంట విశ్రాంతి, నీళ్లు, మళ్లీ పద్నాలుగు గంటలు. ఆ గంటలు పాలమూరు ఎండకు పనికిరావు. గంటలు, ఎండ, బరువు, ఈ మూడింటినీ కలిపి చూసే వాళ్ల పద్ధతి మాత్రం పనికొస్తుంది.

కాబట్టి కోరేది కొద్దిగానే. ఆరు గంటల షరతు ఎత్తేయాలి. గొర్రెకు అర మాని గుంపుకు అర పెట్టాలి. మూడు నియమావళుల బదులు ఒకటే కొలత, ఒకే కాగితం మీద తెలుగులో, ప్రతి సంత గేటు దగ్గర పెద్దక్షరాలతో ఉండాలి. పక్కన ఒక నీళ్లతొట్టి, జీవాలు ఎక్కడానికి ఒక వాలుగట్టు, సంతనాడు ఒక పశువైద్యుడు.

చివరిగా కోడి సంగతి. ఎదిగిన కోడికి బుట్టలో 480 చదరపు సెంటీమీటర్ల చోటు ఇవ్వాలని పశు రవాణా నియమావళి చెబుతోంది. అదే కోడికి 40 చాలని 125-ఇ అంటోంది. పేకముక్క అంతకంటే పెద్దది. అది అచ్చుతప్పయితే సవరణ గెజిట్ వేయాలి. కాకపోతే ఆ కొలతలో ఒక కోడిని నిలబెట్టి చూపించాలి.