తిరిగొచ్చే పైపు

మా జీపుకు ఇంజన్ మార్చిన వేసవిలో నేనొక పైపును చిన్నచూపు చూశాను. మూరెడు రబ్బరు పైపు. దాని వల్ల నా మేనకోడలి నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. ఎవరు అడిగినా ఇన్నేళ్ళూ "పైపు ఊడింది" అనే చెబుతూ వచ్చాను. ఆ మాటలో తప్పు పైపుది అవుతుంది, నేను ఎక్కడా కనపడను. ఈరోజు జరిగింది జరిగినట్టు చెప్పుకుంటాను.

మాది డోన్. పాతవాళ్ళు ద్రోణాచలం అంటారు. సికింద్రాబాదు నుంచి బెంగళూరుకు పోయే రైలుదారి, గుంతకల్లు నుంచి నంద్యాలకు పోయే రైలుదారి మా ఊళ్ళో కలుస్తాయి. చుట్టూ సున్నపురాయి గనులు, బేతంచెర్ల వైపు పోతే నాపరాళ్ళు. బస్సు పోని పల్లెలకు ఒకప్పుడు జీపే దిక్కు. మా నాన్న అట్లాంటి జీపే నడిపాడు. మహీంద్రా ఎంఎం 540, 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్. సంతకు పోయేవాళ్ళను, వేరుశనగ మూటలను, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను అందులోనే చేర్చాడు.

ఆ జీపుకు పవర్ స్టీరింగ్ లేదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1951లోనే ఇంపీరియల్ కారుకు ఆ సౌకర్యం పెట్టి అమ్మింది. మా నాన్నకు మాత్రం భుజాలే ఆధారం. జనం నిండిన జీపును ఇరుకు సందులో వెనక్కి తిప్పాలంటే సీట్లోంచి సగం లేచి, ఒళ్ళంతా చక్రం మీద వేసేవాడు. అరవై దాటాక కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవలేదు. జీపు కొట్టంలో నిలబడింది. పొద్దున్నే పోయి దాని మీద దుమ్ము తుడిచి వచ్చేవాడే గానీ తాళం చెవి అడిగేవాడు కాదు.

ఆయనతో ఆ జీపు మళ్ళీ నడిపించాలని నాకు కోరిక పుట్టింది. 2013లో, ప్రమాదంలో నుజ్జయిన ఒక బొలెరోను సామాన్లకు విప్పుతున్నారని తెలిసి, దాని 2523 సీసీ డీఐ ఇంజన్ కొన్నాను. దాంతోపాటు పవర్ స్టీరింగ్ పంపు, స్టీరింగ్ బాక్సు, ఆయిల్ డబ్బా కూడా తెచ్చుకున్నాను. అనుమతి లేకుండా బండిలో మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఆ అనుమతి తీసుకున్నాను. ఆర్సీలో కొత్త ఇంజన్ నెంబరు ఎక్కింది. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు, పనంతా పద్ధతిగా చేశానన్న ధీమా కూడా వచ్చింది. ఆర్సీలో రాసేది ఇంజన్ నెంబరు. పైపులను చూసుకోవలసింది నేను.

ఇంజన్ మార్చిన బండిలో అసలు చిక్కు పైపుల దగ్గరే వస్తుంది. ఇంజన్‌ను కొత్త ఫౌండేషన్లు కొట్టి కూర్చోబెట్టవచ్చు. గేర్‌బాక్సును దానికి కలపవచ్చు. పైపులు మాత్రం ఆ బండి ఒంపులకు పుట్టినవి, ఈ బండిలో ఇమడవు. బొలెరోలో ఉన్నంత సందు మా జీపులో లేదు. స్టీరింగ్ బాక్సు ఒకచోట, పంపు ఇంకోచోట, రెంటికీ నడుమ ఎర్రగా కాలే మ్యానిఫోల్డ్. పాత పైపులను విప్పినవాళ్ళు ఎట్లాగూ కోసేశారు. కొత్తవి చేయించుకోవాలి.

పవర్ స్టీరింగ్‌లో ముఖ్యమైన పైపులు రెండు. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు, డబ్బాలోని ఆయిల్‌ను తోస్తే అది మొదటి పైపులో స్టీరింగ్ బాక్సుకు పోతుంది. అక్కడ మన చేతికి బలమిచ్చి, రెండో పైపులో డబ్బాకు తిరిగొస్తుంది. బండి తిన్నగా పోతున్నప్పుడు మొదటి పైపులో ఒత్తిడి పెద్దగా ఉండదు. నిలబెట్టి చక్రం చివరికంటా తిప్పి పట్టుకుంటే వెయ్యి పౌండ్లు దాటుతుంది. మనం కారు టైరుకు కొట్టించే గాలి ముప్పై పౌండ్లు. ఈ లెక్క తెలిశాక మొదటి పైపంటే నాకు భయం పట్టుకుంది. గనుల్లోని పొక్లెయిన్లకు, ట్రాక్టర్లకు పైపులు చేసే అంగడికి పోయి, రబ్బరు లోపల రెండు వరసల ఉక్కు తీగ అల్లిన పైపు అడిగాను. రెండు చివర్లూ మిషన్లో ఒత్తించాను. పూట పొద్దు అక్కడే నిలబడి చేయించుకున్నాను. ఆ పైపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

రెండో పైపు గురించి మా మేస్త్రీ ముందే చెప్పాడు. నాన్నకు ఆయన పాతికేళ్ళ స్నేహం.

"తిరిగొచ్చే పైపు కూడా ఆయిల్‌ది ఎయ్యాల అప్పా. నీళ్ళ పైపు ఎయ్యకూడదు. నడుమ చిన్న కూలర్ ఒకటి పెడదాం. ఇంజన్ పెద్దదయింది, గాలి ఆడే సందు లేదు. మన ఎండలు నీకు తెల్వనివా?"

అప్పటికి అన్నీ అమరి ఉన్నాయి. ఆ పైపు, కూలర్ కర్నూలు నుంచి రావాలి, రెండు రోజులు ఆగాలి. శ్రీరామనవమికి జీపు రోడ్డెక్కాలని నాకు పంతం. "తిరిగొచ్చే ఆయిల్‌కు ఒత్తిడే లేదు కదా మేస్త్రీ, దానికింత ఎందుకు? కూలర్లు జేసీబీలకు కావాల గానీ జీపుకెందుకు?" అన్నాను. ఆయన ఇంకో మాట అనలేదు. ఆ రాత్రి నేనే కొట్టంలో లైటు పెట్టుకొని, రేడియేటర్‌కు తెచ్చి మిగిలిన నీళ్ళ పైపు ముక్కను కొలిచి, కోసి, రెండు క్లిప్పులు బిగించాను. లావు సరిపోయింది. పైకి రెండూ నల్లటి రబ్బరే, తేడా ఏమిటనుకున్నాను.

తేడా రబ్బరు లోపల ఉంది. నీళ్ళ పైపులకు వాడే రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం. వేడినీళ్ళను ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది, ఆయిల్ తగిలితే మాత్రం దాన్ని పీల్చుకొని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఆయిల్‌కు నైట్రైల్ రబ్బరు కావాలి. ఇంక వేడి సంగతి. పంపు చేసే పనిలో చక్రాలను తిప్పడానికి పోగా మిగిలిన బలమంతా ఆయిల్లో వేడిగా దిగుతుంది. ఆ వేడంతా మోసుకుంటూ వచ్చేది తిరుగు పైపే. అందుకే కూలర్‌ను ఎప్పుడూ ఆ దారిలోనే పెడతారు, ఒత్తిడి ఉన్న దారిలో పెట్టరు. ఒత్తిడి లేదన్న ఒక్క మాట పట్టుకొని, ఆ పైపు మోసే వేడిని నేను లెక్కలోకే తీసుకోలేదు.

పండగకు జీపు రోడ్డెక్కింది. నాన్న చక్రం పట్టుకున్న ఆ పొద్దు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఎడమచేత్తోనే తిప్పి, పెట్టిన చెయ్యి తీయకుండా నా ముఖం చూశాడు. "ఇంత తేలికనా రా!" అన్నాడు. అంతే అన్నాడు.

రెండు మూడు వారాలకు క్లిప్పు చుట్టూ తేమ కనపడింది. దాని మీద దుమ్ము పట్టి బురదలాగా అయింది. కారణం వెతకకుండా క్లిప్పును ఇంకో రెండు చుట్లు బిగించాను. మెత్తబడిన రబ్బరులోకి క్లిప్పు అంచు దిగింది. ఒకరోజు నాన్న ముక్కు ఎగబీల్చి, "ఏందో కమురు వాసన వస్తాంది రా" అన్నాడు. "కొత్త ఇంజన్ కదా నాన్నా, పెయింటు కాలుతాంది" అన్నాను. బానెట్ ఎత్తి చూడలేదు. ముప్పై ఏళ్ళు డీజిల్ వాసనలో బతికిన మనిషి చెప్పిన మాట అది.

మే నెలలో ఒక శనివారం, ఇంటిల్లిపాదీ మద్దిలేటి నరసింహస్వామి దర్శనానికి బయలుదేరాం. ఎర్రమల కొండల నడుమ ఉంటుంది ఆ గుడి. శనివారాలు జనం ఎక్కువ. పోయేటప్పుడు బేతంచెర్ల దాకా నాన్నే నడిపాడు. దర్శనం అయ్యాక ఆటోలు, ట్రాక్టర్ల మధ్య ఇరుక్కున్న జీపును నేను బయటికి తీశాను. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, ఈ చివర నుంచి ఆ చివరకు చక్రం ఎన్నిసార్లు తిప్పానో. చివరికంటా తిప్పి పట్టుకున్నప్పుడల్లా పంపు మూలిగింది. చల్లబరిచే గాలి లేదు, కూలర్ లేదు. ఆయిల్ ఎంత కాలి ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

అమ్మ, చెల్లెలు, దాని కొడుకు వెనక కూర్చున్నారు. నా పక్కన నాన్న, ఆయన ఒళ్ళో ఆరేళ్ళ మేనకోడలు. కొండల్లో ఒక మలుపు దగ్గర బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ లేచింది. అదే క్షణంలో చక్రం బరువెక్కింది. ఆయిల్ పోయినంత మాత్రాన స్టీరింగ్ పనిచేయకుండా పోదు. కానీ పంపు సాయం ఉంటుందన్న లెక్కతో చేసిన బాక్సుకు ఆ సాయం ఆగితే, పాత చేతి స్టీరింగ్ కంటే బరువవుతుంది. తేలికకు అలవాటు పడ్డ నా చేతులు తడబడ్డాయి. జీపు మలుపు తిరగకుండా నేరుగా అంచుకు పోతోంది. నాన్న పిల్లను పట్టుకున్న చెయ్యి తీసి, రెండు చేతులా చక్రం అందుకున్నాడు. లేవని ఆ భుజంతోనే కొండ వైపుకు లాగాడు. జీపు మట్టిగట్టు ఎక్కి కంపచెట్లలో ఆగింది. పిల్ల నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది.

మ్యానిఫోల్డ్ మీద పడ్డ ఆయిల్ అంటుకుంది. వెనక వస్తున్న నాపరాళ్ళ లారీ డ్రైవరు, క్లీనరు దిగి మట్టి, ఇసుక చల్లి ఆర్పారు. ఇంకో నిమిషం ఆలస్యమైతే మంట డీజిల్ పైపు దాకా పోయేది. ఆ ఇద్దరి పేర్లు కూడా నేను అడగలేదు.

ఆసుపత్రి వరండాలో నాన్న తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "పిల్లను వదిలితిని గదరా" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

మరునాడు మేస్త్రీ వచ్చి, ఊడిన పైపును నా చేతిలో పెట్టాడు. బొటనవేలితో నొక్కితే గుంట పడింది. చివర ఉబ్బి, క్లిప్పు దిగినచోట చీలి ఉంది. ఆయన కోప్పడలేదు. "నాన్నకు చెప్పొద్దు మేస్త్రీ" అన్నాను. "నేను చెప్పను. నువ్వు చెప్పుకో" అన్నాడు.

జీపును మళ్ళీ సరిగా చేశాం. తిరుగు దారికి ఆయిల్‌కు తగిన పైపు వేశాం. ఇనుప గొట్టం చివర గట్టు ఉబ్బించి, పైపు దాన్ని దాటాక క్లిప్పు బిగించాం. రేడియేటర్ ముందు, గాలి తగిలేచోట చిన్న కూలర్ పెట్టాం. పైపులను మ్యానిఫోల్డ్‌కు జానెడు ఎడం జరిపి, నడుమ రేకు అడ్డం పెట్టాం. ఇనుము రాసుకునేచోట రబ్బరు తొడుగులు వేశాం. ఇంజన్ ఊగుతుంది, చాసిస్ ఊగదు కాబట్టి పైపుకు కొంచెం వదులు ఉంచాం. ముందు చక్రాలు జాకీల మీద లేపి, ఇంజన్ ఆపి ఉంచే, చక్రం ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పుతూ, డబ్బాలో బుడగలు ఆగేదాకా ఆయిల్ పోస్తూ గాలి తీశాం. తర్వాత చక్రాలు నేలకు దించి, బరువు మీద తిప్పి, ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి చూశాం. దీనికంతటికీ పట్టింది రెండు రోజులు. శ్రీరామనవమికి ముందు నేను ఆగలేనన్న ఆ రెండు రోజులే.

నాన్న మళ్ళీ ఆ చక్రం ముట్టుకోలేదు. నాలుగేళ్ళు బతికాడు. మనవరాలు ఇంటికి వచ్చినప్పుడల్లా దాని నుదుటి మీద వేలు పెట్టి తడిమేవాడు. ఆ వేలు చూసినప్పుడల్లా చెబుదామనుకున్నాను. ఆ పైపు నేను వేసిందని, మేస్త్రీ వద్దన్నా వేశానని, ఆయన చక్రం అందుకోకపోతే అందరం లోయలో ఉండేవాళ్ళమని. 2017లో ఆయన పోయాడు. పిల్లను వదిలినవాణ్ణి తానేనన్న బాధతోనే పోయాడు.

పైపు తప్పు తెలివితక్కువతనం. దానికి కుట్లు వేశారు, గాయం మానింది. చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. దాన్ని దిద్దుకునే వీలు నాకిప్పుడు లేదు. నిరుడు మేనకోడలిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తాతకు చెప్పింటే బాగుండు మామా" అంది.

బండికి ఇంజన్ మార్చేవాళ్ళకు నాదొక మనవి. తిరిగొచ్చే పైపును కూడా పోయే పైపంత శ్రద్ధగా చూడండి. మేస్త్రీ రెండు రోజులు ఆగమంటే ఆగండి. మీరు చేసిన తప్పును ఇంకొకరు తమదనుకొని మోస్తుంటే, వాళ్ళు బతికుండగానే పోయి చెప్పండి.