పళ్లూడగొట్టుకోవడానికి ఏ క్లినిక్కయితేనేం!

బండి మీంచి పడో, క్రికెట్ బంతి మూతికి తగిలో ముందు పన్ను చిగురు లోపలిదాకా విరిగిందనుకోండి. చుట్టాలకంటే ముందు హోర్డింగులే పలకరిస్తాయి. 'ఒక్క రోజులో కొత్త పన్ను', 'నొప్పి లేదు, కుట్లు లేవు, వడ్డీ లేని వాయిదాలు'! ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తెర మీద మీ ఎక్స్‌రే వేసి, మేనమామంత ప్రేమగా చెబుతారు: "ఏముందండీ ఇందులో? పీకేసి ఇంప్లాంట్ పెట్టేద్దాం."

ఏముందంటే, వేరుంది. పై దవడ ముందు పన్ను మొత్తం పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా వేరు భాగమే. గోపురం కూలిందని గర్భగుడిని కూడా తవ్విపోసే ఊరు ఎక్కడైనా ఉందా? దంతవైద్యంలో మాత్రం దాన్ని ప్యాకేజీ అంటారు.

ఆ వేరును కొద్దిగా బయటికి లాగి, దానిమీదే క్యాప్ నిలబెట్టవచ్చు. ఇది నిన్న మొన్నటి వింత కాదు. ఆస్ట్రేలియా దంతవైద్యుడు హీదర్‌సే 1973లోనే దీని గురించి రాశాడు. ముందు రూట్ కెనాల్ చేస్తారు. వేరులో చిన్న కొక్కెం అతికించి, పక్క పళ్లకు అడ్డంగా తీగ కట్టి, రబ్బరుతో మెల్లగా లాగుతారు. వారానికి ఒక మిల్లీమీటరు చొప్పున లాగినా నెల తిరిగేసరికి మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. క్యాప్ అంచుకూ ఎముకకూ మధ్య చిగురు అతుక్కోవడానికి రెండు మిల్లీమీటర్లు, క్యాప్ పట్టు దొరకడానికి గట్టి పన్ను మరో రెండు కావాలి. ఇంత తతంగమూ ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసమే. దిగిన వేరు మళ్లీ లోపలికి జారకుండా చిగురు నారలు కోసి, కొన్ని వారాలు కదలకుండా కట్టి ఉంచి, ఆ తర్వాత క్యాప్ వేస్తారు.

"అన్ని నెలలా! ఆదివారం పెళ్లిచూపులున్నాయే!" అంటారు. ఉండనివ్వండి. ఆ తీగకే తాత్కాలికంగా ఓ పన్ను వేలాడదీస్తారు, పెళ్లివారికి ఖాళీ కనబడదు. అసలు ఆ 'ఒక్క రోజు' పన్ను సంగతేమిటి? అది కూడా చాలాసార్లు తాత్కాలికమే. ఇంప్లాంట్ స్క్రూను ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఆ ముక్క హోర్డింగు మీద పట్టలేదు కాబోలు, అక్కడ హీరోయిన్ నవ్వు చాలా చోటు తినేసింది.

పన్నెండేళ్ల పిల్లాడి విషయంలో ఈ తొందర మరీ ముచ్చటగా ఉంటుంది. దవడ పెరుగుతుంది, పక్క పళ్లు దానితో పాటు కదులుతాయి, ఇంప్లాంట్ మాత్రం వేసినచోటే ఉండిపోతుంది. కొన్నేళ్లకు ఆ పన్ను వరుసలోంచి పైకి పోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఎదుగుదల ఆగేదాకా ఆగమంటారు. ఈలోగా పన్ను పీకేస్తే అక్కడి ఎముకా తరిగిపోతుంది. ముందు పళ్ల దగ్గర బయటివైపు ఎముక అసలే పలచన. వేరు ఉన్నంతకాలం ఆ ఎముకకు కాపలా ఉన్నట్టే.

మరి ఎవరూ చెప్పరేం? స్క్రూకు కంపెనీ ఉంది, రంగుల బ్రోచరు ఉంది, విదేశంలో సదస్సు ఉంది. రబ్బరు ముక్కకు ఎవరున్నారు పాపం! పైగా దీనికి రూట్ కెనాల్ డాక్టరూ క్లిప్పుల డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మన ఊళ్లో అది పన్ను లాగడం కన్నా కష్టం.

ప్రతి వేరూ బతకదు, నిజమే. నిలువునా చీలితే, వేరు మరీ పొట్టిదైతే, చిగుళ్ల జబ్బుతో ఎముక అరిగిపోతే పీకాల్సిందే. లాగిన తర్వాత ఎముకలో మిగిలే వేరు, బయట నిలిచే పన్నంత పొడవైనా లేకపోతే నిలవదు. అలాంటి చోట ఇంప్లాంట్ దేవుడిచ్చిన వరమే. నా గొడవ, కొలిచి చూడకముందే పట్టకారు చేతికెత్తుకునే వాళ్లతో.

దక్షయజ్ఞంలో వీరభద్రుడు పూషుడి పళ్లు రాలగొడితే, ఆ దేవుడికి చివరికి పిండి తిని బతకడమే దక్కింది. రెండో అభిప్రాయం అడిగే వీలు ఆయనకు లేకపోయింది, మీకుంది. సంతకం పెట్టేముందు ఒక్కమాట అడగండి: "డాక్టరుగారూ, వేరు పొడవెంత? దీన్ని లాగి నిలబెట్టలేమా?" కుదరదంటే ఎందుకు కుదరదో ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే కాఫీ తాగేసి లేచి వచ్చేయండి.