పెద్దయ్య బెల్టు: టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

పేట రోడ్డు మీద పెద్దయ్య బండెక్కి
బెల్టు వెనక దోపి బీపు నణచి
చిల్లకల్లు దాక చీకాకు లేకుండ
ఖాకిఁ జూచినపుడు కట్టుకొనును

ప్రతిపదార్థం: పేట రోడ్డు మీద = నందిగామ నుంచి జగ్గయ్యపేటకు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై; పెద్దయ్య = అరవై దాటినవాడు, అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినవాడు; బండెక్కి = కొడుకు కొనిచ్చిన కొత్త కారెక్కి; బెల్టు వెనక దోపి = బెల్టును వీపు వెనక నుంచి లాగి బకిల్‌లో గుచ్చి, దానికే ఆనుకుని; బీపున్ అణచి = కారు నోరు మూయించి; చిల్లకల్లు దాక = టోల్‌గేటు వచ్చేవరకు; చీకాకు లేకుండ = చెప్పేవాళ్లు లేక హాయిగా; ఖాకిన్ చూచినపుడు = పోలీసు కనపడగానే; కట్టుకొనును = అప్పటికప్పుడు భుజం మీదికి లాక్కొనును.

అన్వయం: మూడో పాదం చివర ‘పోయి’ అని అధ్యాహారం. టోల్‌గేటు దాటాక బెల్టు ఏమవుతుందో కవి చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘క్లిప్పు బకిల దోపి’ అని ఉంది. యతి చెడుతుంది గనుక అగ్రాహ్యం. పైగా అలారం నోరు నొక్కే ఆ క్లిప్పుల అమ్మకం ఆపమని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించింది.

పూర్వపక్షం: “నేను లారీ తోలేనాటికి నువ్వు పుట్టలేదురా. అంబాసిడర్‌కి బీపుందా? మాకేమైంది?”

సిద్ధాంతం: అప్పటి రోడ్డు రెండు వరసల తొమ్మిదో నంబరు. ఇప్పుడు నాలుగు వరసలు, వేగం వేరు. 2019 జులై 1 నుంచి తయారైన కార్లకు బెల్టు గుర్తుచేసే బీపు, 80 కిలోమీటర్లు దాటితే హెచ్చరిక, వెనక్కి తీసేటప్పుడు సెన్సారు తప్పనిసరి. మూడింటికీ పెద్దయ్య దగ్గర ఒకటే తిట్టు. ‘ఎయిర్‌బ్యాగ్ ఉందిగా’ అనే వాదమూ నిలవదు. బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచితేనే ఆ సంచి కాపాడుతుంది. లేకుంటే విచ్చుకుంటున్న సంచి మీదికి మనిషే పోయి దెబ్బ తింటాడు.

ధ్వని: ఆయన తోలడం మీద ఎవరికీ అనుమానం లేదు. బీపు మాట్లాడేది రాంగ్‌రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరు గురించి, ఇండికేటర్ వేయకుండా కోసే సిమెంటు లారీ గురించి.

తాత్పర్యం: బెల్టు లేకపోతే జరిమానా 1000 రూపాయలు. పెద్దయ్య దానికి జడిసి టోల్‌గేటు దగ్గర కట్టుకుంటాడు. ప్రాణం ఖరీదు అంతకంటే ఎక్కువ గనుక ఇంటి గేటు దగ్గరే కట్టుకోవాలి. ఇది వింటూ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న కొడుక్కీ ఇదే తాత్పర్యం.