కిటికీ సీటుకు టీకా తాత్పర్యం

మూలం: కిటికీ సీటు. వాన. బేగంపేట. మళ్లీ.

అవతారిక: లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగే ఒకానొక గుమాస్తా జులై నెల ఉదయాన ఫోన్‌తో ఫొటో తీసి, స్టేటస్‌లో పెట్టి, కింద ఈ అయిదు మాటలు రాశాడు. ఫొటోలో చినుకులు పట్టిన అద్దం, దాని అవతల గొడుగు కింద సగం మనిషి, ఒక పక్కకు ఒరిగిన కరెంటు స్తంభం ఉన్నాయి. చూసినవాళ్లు చూసి ఊరుకున్నారు. టీకాకారుడికి ఊరుకోవడం చేతకాలేదు. మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ప్రస్తుత టీకాకారుడు అందులో మొదటి సగమే పాటించగలడు.

ప్రతిపదార్థం: కిటికీ సీటు అనగా కిటికీ పక్కనున్న సీటు. ‘పక్కనున్న’ లోపించింది కనుక మధ్యమపదలోపి సమాసమని ఒక పక్షం. కాదు, కిటికీ కొరకు సీటు, చతుర్థీ తత్పురుషమే అని రుమాలు వేసి సీటు ఆపుకునేవారి పక్షం. అనుభవం రెండో పక్షానికే ఉంది.

ఇక్కడ పాఠభేదం గమనించాలి. 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మొదలైన మెట్రోలో ఈ పాఠం చెల్లదు. అక్కడ సీట్లు పెట్టె పొడవునా గోడకు ఆనుకుని ఉంటాయి. కిటికీ వీపు వెనక పడుతుంది. కూర్చున్నవాడికి కనబడేది ఊరు కాదు, ఎదుటివాడి మొహం. కనుక మెట్రో శాఖవారు ‘ఎదుటి సీటు’ అని చదువుకుంటారు.

శంక: ఎదుటివాడి మొహాన్ని అడగకుండా తీయవచ్చునా? పూర్వాచారం ఒకటుంది గానీ అది చిక్కుల ఆచారం. వాకర్ ఎవాన్స్ అనే అమెరికన్ 1938–41 మధ్య న్యూయార్క్ భూగర్భ రైళ్లలో, కోటు బొత్తాల సందునుంచి కెమెరా కన్ను బయటపెట్టి, ఎదుట కూర్చున్నవాళ్లను వాళ్లకు తెలియకుండా తీశాడు. కెమెరా మెరుపు కనబడకుండా నల్లరంగు పూశాడు కూడా. ఆ బొమ్మలు పుస్తకంగా వచ్చింది మాత్రం 1966లో. పుస్తకం వేయకుండా పాతికేళ్లు ఆగడం సంకోచమే అయితే, ఆ సంకోచం మెచ్చదగిందే. స్టేటస్ ఆయుర్దాయం 24 గంటలు. సంకోచానికి అందులో చోటు లేదు. మన గుమాస్తా సగం మనిషిని గొడుగు కింద వదిలేశాడు కనుక దోషం అంటదు.

వాన అనగా, అవతలి ఊరి కంటే అద్దం మీది చినుకే ముఖ్యమని ఫోన్‌కు తోచే వేళ. తెర మీద దూరపు వస్తువును వేలితో తాకి చూపిస్తే గానీ దాని చూపు చినుకు దాటదు.

బేగంపేట అనగా స్టేషను కాదు, స్టేషను దాటిన క్షణం. సాక్ష్యం ఒరిగిన స్తంభమే. ఫోన్ కెమెరా దృశ్యాన్ని ఒక్కసారిగా చూడదు, వరసవరసగా చదువుకుంటూ వస్తుంది. పై వరస చదివి కింది వరసకు వచ్చేలోపు బండి ముందుకు జరిగిపోతుంది. స్తంభం తల ఒకచోట, పాదం మరోచోట పడతాయి. ఫోన్ అడ్డంగా పట్టుకున్నాడని కూడా దీనివల్లే తెలుస్తోంది. నిలువుగా పట్టుకుని ఉంటే స్తంభం వాలదు, సన్నబడటమో లావెక్కడమో చేస్తుంది. రైల్వేవారి మీద నింద మోపనక్కర్లేదు.

ఇక మళ్లీ. మూలానికంతకూ ప్రాణం ఈ మాటలో ఉంది. 1838లో డాగ్యురే అనే ఆయన పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫొటో తీశాడు. నిమిషాల తరబడి వెలుగు పడితేగానీ బొమ్మ రాని రోజులవి. దారిన పోయే బళ్లు, జనం ఒక్కరూ పడలేదు. బూటు పాలిషుకు నిలబడ్డ ఒక మనిషి మాత్రం పడ్డాడు. మనిషి కనబడే తొలి ఫొటోగా దాన్నే చెప్పుకుంటారు. పనికి వెళ్లేవాళ్లంతా మాయమై, ఆగినవాడు చరిత్రకెక్కాడన్నమాట. బేగంపేటలో కథ తిరగబడింది. కదిలేవాడు నిటారుగా కూర్చుని తీస్తుంటే, పాతిన స్తంభం ఒరుగుతోంది.

మళ్లీ అనడం పునరుక్తి దోషం కాదా అంటే కాదు. 1995 నాటి ‘స్మోక్’ సినిమాలో బ్రూక్లిన్ చుట్టల కొట్టువాడు రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒకే మూలను ఫొటో తీస్తాడు. ఆల్బం గబగబా తిప్పితే అన్నీ ఒకటే. నెమ్మదిగా తిప్పితే వెలుగు మారుతుంది, కోట్లు మారతాయి, ఒక మొహం ఉన్నట్టుండి ఎదురవుతుంది. కాళిదాసు మేఘదూతంలో మేఘానికి ఈ భాగ్యం లేదు. దానిది ఒకవైపు ప్రయాణం. దారి వంకరైనా సరే, ఉజ్జయిని చూసి పొమ్మని యక్షుడు సిఫారసు చేస్తాడు. గుమాస్తాకు వంకర దారి లేదు, సాయంత్రం రిటర్న్ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పినందున అలంకారం స్వభావోక్తి.

తాత్పర్యం: వానలో బండి బేగంపేట దాటింది, నిన్నటిలాగే.

మర్నాటి స్టేటస్‌లో ఫొటో లేదు. ‘సీటు దొరకలేదు’ అని రెండే మాటలు. బండి బయల్దేరే స్టేషన్‌లో ఎక్కినవాడికి సీటెందుకు దొరకలేదన్న శంక తీరక, టీకాకారుడు మర్నాడు లింగంపల్లి వెళ్లాడు, రుమాలుతో.