బేలర్ సార్

పొద్దున పూట ఉస్మానియా క్యాంపస్‌లో నడిచేవాళ్ళలో షుగర్ ఊసెత్తని మనిషి ఒక్కరు కనబడితే, ఆయన బేలర్ సారని గుర్తుపట్టండి.

కాపురం తార్నాకలో, మూడో అంతస్తులో. మనసు జనగామ దగ్గరి ఐదెకరాల్లో. అక్కడ పాత మాసీ 1035 ఉంది, 36 హార్స్‌పవర్ ట్రాక్టర్. కోత మిషన్ వదిలేసిన వరిగడ్డిని కట్టలు కట్టడానికి దానికో సెకండ్‌హ్యాండ్ బేలర్ కావాలి. వానాకాలం పోయింది, యాసంగి పోయింది, మళ్ళీ వానాకాలం కోతలూ అయిపోయాయి. సార్ ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆయనకు తెలియక కాదు, మరీ తెలియడమే చిక్కు. తార్నాకలో ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి కనుక రిటైరైన శాస్త్రవేత్తలకు కొదవలేదు. ఎదురుపడ్డ ప్రతివారి సలహా తీసుకున్నారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు.

"చదరపు కట్టల మిషన్ మనకొద్దు. లోపల ప్లంజర్ రోకటిపోటు లెక్క కొడ్తది, తేలిక బండి ఊగిపోతది. చిన్న రౌండ్ బేలర్ చాలు. మిషన్‌ను తిప్పే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరగాలె. కానీ మాది సింగిల్ క్లచ్! దారం చుట్టేటప్పుడు బండి ఆగాలె, పీటీఓ తిరగాలె. క్లచ్ తొక్కితే రెండూ ఆగుతయ్!" అంటూ వాకింగ్ బూటుతో మెట్టును తొక్కి చూపించారు.

"న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే సరి కదా సార్?"

"కట్టకట్టకూ డ్రైవర్ చేస్తడా? నువ్వొచ్చి చేస్తవా?"

ఒకసారి మిషన్ చూడ్డానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. కొత్త రంగు ధగధగలాడుతోంది. సార్ అటు చూడనేలేదు. కింద కూర్చుని గడ్డిని ఎత్తే పికప్ పళ్ళు లెక్కబెట్టారు: వంగినవి వేరు, విరిగినవి వేరు. రోలర్ పట్టుకుని ఊపారు, బేరింగ్ లూజు. గొలుసు లాగి చూసి మూతి విరిచారు.

"ఒక్క సీజనే నడిచింది సార్" అన్నాడు అమ్మేవాడు.

"వరి సీజనా, ఐపీఎల్ సీజనా?"

చివరికి పది కట్టలు కట్టి చూపించమన్నారు. షరతు న్యాయమైనదే. కాకపోతే ఆ నెలలో ఏ పొలంలోనూ గడ్డి లేదు.

"ముందు ఇంట్ల మిక్సీ బాగుచేయించుండ్రి" అంటారు మేడమ్.

ఐదెకరాలకు బేలర్ కొనడం దండగ. కోత కాగానే ఊళ్ళో బేలర్ ఉన్నవాణ్ణి పిలిస్తే, కట్టకింతని తీసుకుని కట్టి పోతాడు. ఈ మాట సార్‌తో మాత్రం అనకండి. మీ లెక్క తప్పని తేల్చేదాకా వదలరు, మీ ఆఫీసు బస్సు వెళ్ళిపోతుంది.